షాకబ్జరుకు ఆది జాకెట్టు

నేను పాతికేళ్ళుగా ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతుకుతున్నాను. అందులో స్ప్రింగుల పాఠం నాకు కొట్టిన పిండి. బరువెంత వేస్తే స్ప్రింగు అంత లొంగుతుంది, రెట్టింపు వేస్తే రెట్టింపు లొంగుతుంది. ఈ ముక్కను నరసరావుపేటలో ఎంతమంది చేత వల్లె వేయించానంటే, వంకాయలు కొనబోయినా తక్కెడ వెనక నుంచి ఎవడో ఒకడు నమస్తే సార్ అంటాడు. అలాంటివాణ్ణి నా సొంత మోటారుసైకిల్‌కి ఉన్న ఒకే ఒక్క స్ప్రింగు దగ్గర, శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు పడ్డాను. నేనొక్కణ్ణే పడితే ఈ కథ రాసేవాణ్ణి కాదు. మా ఆవిణ్ణి కూడా లాగాను.

ముందు బండి సంగతి చెప్పాలి. యాభై ఒకటో ఏట దూరప్రయాణాల బండి ఒకటి కొన్నాను. బాగా ఎత్తు. ట్యాంకు నింపితే మూడు జిల్లాలు దాటొచ్చు. వెనక రెండు పక్కలా బట్టలు పెట్టుకునే పెట్టెలున్నాయి. దాన్ని ఎక్కడానికి నేను కాలెత్తే తీరు చూడాలని మా వీధిలో వాళ్ళు పొయ్యి మీద పాలు వదిలేసి గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. స్టాఫ్ రూములో నా వెనక చాలా అన్నారట. నా ముందు అన్నవే రాస్తే రెండు పేజీలు వస్తాయి, కాబట్టి రాయను.

కొన్నది నా సరదా కోసమేనని అందరూ అనుకున్నారు. సగమే నిజం. మా ఆవిడ నా మేనమామ కూతురు. చిన్నప్పుడు నా సైకిల్ క్యారేజీ మీద, పెళ్ళయ్యాక మోపెడ్ మీద, ఆ తర్వాత ఒక ముసలి స్కూటర్ మీద నా వెనకే కూర్చుంది. మోపెడ్ రోజుల్లో ఒకసారి కోటప్పకొండ దిగి వస్తుంటే, ఎప్పుడన్నా చానా దూరం పోదాం బావా, తిరిగి ఎప్పుడొస్తామో ఎవరికీ చెప్పకుండా పోదాం అంది. ఆ 'ఎప్పుడన్నా' రావడానికి మా ఇంట్లో ఇరవై నాలుగేళ్ళు పట్టింది. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక చేతిలో ఆదివారాలు మిగిలాయి. మాచర్ల, సాగర్, శ్రీశైలం, అక్కణ్ణుంచి కర్నూలు దాకా ఒక కాగితం మీద దారి గీసుకుని, ఆ కాగితాన్ని బీరువాలో దాచుకున్నాను.

ఆవిడ మా ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. కొలతలకని ఆడవాళ్ళు తమ పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటారు. ఆది జాకెట్టంత అబద్ధాలకోరు లోకంలో ఇంకోటి లేదని మా ఆవిడ సిద్ధాంతం. ఎవరూ తమకిప్పుడు పట్టే జాకెట్టు తీసుకురారు, తాము బాగున్న రోజులది తెస్తారు. పదేళ్ళ కిందటి జాకెట్టు ముందు పెట్టి అచ్చం ఇట్లాగే కుట్టమంటారు. అచ్చం అట్లాగే కుడితే పట్టదు. పట్టకపోతే గుడ్డ పాడుచేశావంటారు. అందుకని ఎవరు ఏ ఆది తెచ్చినా ఆవిడ దాన్ని పక్కన పడేసి, మెడలో టేపు తీసి, మనిషిని నిలబెట్టి కొలిచాకే కత్తెర పట్టుకుంటుంది. ఇదంతా నేను ఇరవై ఏళ్ళుగా రోజూ వింటున్నాను. వినడం వేరు, బుర్రకెక్కడం వేరు. ఆ సంగతి నా విద్యార్థులు నాకు ఎప్పుడో నేర్పారు.

మొదటి ప్రయాణం మాచర్లకు. అక్కడ మా వదిన, అంటే మా ఆవిడ అక్క, ఉంటుంది. ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, షోరూమోళ్ళు దీంతో పాటు నిచ్చెన ఇవ్వలేదా అని అడిగి, నా భుజం పట్టుకుని ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే కబుర్లు మొదలుపెట్టింది. మా ఆవిడ బండి మీద మాట్లాడినంత ఇంట్లో మాట్లాడదు. ఇంట్లో ఆవిడ నోట్లో గుండుసూదులుంటాయి. బండెక్కితే నోరు ఖాళీ, చేతులు ఖాళీ, వినేవాడు పారిపోయే వీలు లేదు. సైకిల్ నాటి నుంచీ ఇదే వరస. నాకది చాలా ఇష్టం. వెనక నుంచి ఆ గొంతు వినపడుతుంటే ఎంత దారయినా ఇట్టే అయిపోతుంది.

ఆ రోజు ఎత్తుకున్నది వాళ్ళక్క కథ. మా వదిన ఏదో పెళ్ళికని, చెల్లెలికి తెలియకుండా ఇంకో టైలర్ దగ్గర జాకెట్టు కుట్టించుకుందట. అంతవరకు విన్నాను. పిడుగురాళ్ళ దగ్గర పడేసరికి సున్నం లారీలూ సిమెంటు లారీలూ తిరిగి తిరిగి పెట్టిన గుంటలు మొదలయ్యాయి. మొదటి గుంటలో బండి వెనక భాగం దిగబడి, ఇనుముకి ఇనుము తగిలినట్టు అడుగున ధడ్‌మని తన్నింది. ఆవిడ "ఆ జాకెట్టేసుకుని అక్క పెళ్ళికి" దాకా వచ్చి, అబ్బా అని ఆగింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ గుంట. వాక్యాలన్నీ సగం సగం తెగిపోతున్నాయి. పిడుగురాళ్ళ దాటాక కథ పోయి అబ్బాలు మాత్రం మిగిలాయి. ఇంకో పది కిలోమీటర్లకు అవీ ఆగిపోయాయి. పాపం అలవాటు పడిందనుకున్నాను.

గురజాల బస్టాండు ఎదురుగా టీకి ఆపాను. దిగడానికి ఆవిడకు పట్టిన సమయంలో టీ కొట్టతను రెండు గ్లాసులు కడిగి తుడిచాడు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడే టీ తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టి, సంచీ తీసుకుని, వంటింట్లోకి వెళ్తున్నంత మామూలుగా చెప్పింది.

"బావా, నేను బస్సులో వస్తా. నువ్వు దీన్ని తోలుకురా."

మాచర్ల బస్సు అప్పుడే వచ్చి ఆగింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను ఆ బస్సు వెనకే బండి తోలుకుంటూ, దాని పొగ పీలుస్తూ వెళ్ళాను. కండక్టర్ వెనక కిటికీలోంచి రెండుసార్లు నన్ను చూశాడు. అలిగి పుట్టింటికి పోతున్న పెళ్ళాం వెంట పడుతున్న మొగుణ్ణనుకుని ఉంటాడు. అతని తప్పేం లేదు, చూడ్డానికి అట్లాగే ఉంది. రెంటచింతలలో బస్సు ఆగితే నేనూ ఆగాను. ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి నాకొక జామకాయ ఇచ్చింది. కోపంగా చూసినా బాగుండేది. జామకాయతో నా పరువు మొత్తం పోయింది.

తిరుగు ప్రయాణం కూడా ఆవిడ బస్సులోనే. మర్నాడు మిషన్ ముందు కూర్చోలేకపోయింది. మూడు రోజులు చాప మీద పడుకుని, నడుము కింద వేణ్ణీళ్ళ సంచీ పెట్టుకుంది. నాలుగో రోజు లేచి, టేపు మెడలో వేసుకుంటూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"అమ్మెయ్యమని నేను చెప్పను బావా. నీకు సరదా, నువ్వు తిరుగు. నాకు ఈ నడుమే మిషను. ఇది పోతే ఇంకేం కుడతా. నేనిక ఎక్కను."

అమ్మిపారెయ్ అని తిట్టినా నేను దెబ్బలాడేవాణ్ణి. దెబ్బలాటలో ఎక్కడో ఒకచోట రాజీ ఉంటుంది. ఆవిడ ఒక్కణ్ణే తిరగమని అనుమతి ఇచ్చింది. ఇరవై నాలుగేళ్ళు ఆగి కొన్న బండి మీద వెనక సీటు ఖాళీగా పెట్టుకుని శ్రీశైలం పోయి ఎవరికి ఏం చెప్పను? చాలా బాధ వేసింది. బాధ వేస్తే నేను పుస్తకం తీస్తాను, అదొక రోగం. బండితో పాటు ఇచ్చిన పుస్తకం తీశాను.

అందులో ప్రీలోడ్ అని ఒక పేజీ ఉంది. అదేం బ్రహ్మవిద్య కాదు. వెనక షాకబ్జరు చుట్టూ లావుపాటి స్ప్రింగు ఉంటుంది. దాని చివర మెట్లు మెట్లుగా కోసిన ఉంగరం ఒకటి ఉంటుంది. కొక్కెం లాంటి పానాతో ఆ ఉంగరాన్ని తిప్పితే, మనుషులు ఎక్కకముందే స్ప్రింగు కాస్త నొక్కుకుని సిద్ధంగా ఉంటుంది. మొత్తం ఏడు మెట్లు. ఒకటి సాఫ్టు, ఏడు హార్డు అని రాసుంది. షోరూము వాళ్ళు మూడులో పెట్టి ఇచ్చారు. మా ఆవిడ నడుముకి దెబ్బ తగిలింది, కాబట్టి మెత్తగా ఉండాలి, కాబట్టి ఒకటి. నా తర్కం ఇంతే. ఇద్దరినీ ఎక్కించి బండి ఎంత దిగుతోందో కొలుచుకోమని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ చిన్న అక్షరాలను కళ్ళజోడు లేకుండా చదివాను, అంటే చదవలేదు.

పానా బండితో వచ్చిన సామాన్ల సంచీలో ఉండాలి. లేదు. అందుకని రెండు వీధుల అవతలున్న మెకానిక్ భాయ్ షెడ్డుకి వెళ్ళాను. మా వైపు మోటారుసైకిల్ మీద మనిషి కూర్చోవడమన్నది పక్క పని. అసలు పని మిరపకాయల బస్తాలు, పాల క్యాన్లు, పురుగుమందు డబ్బాలు మోయడం. అందుకని భాయ్ తన దగ్గరకు ఏ బండి వచ్చినా, అడిగినా అడక్కపోయినా, వెనక షాకబ్జర్లు చివరి మెట్టుకి బిగించి పంపిస్తాడు. నా బండి చూసి కూడా, ఇద్దరెక్కే బండి అయితే బిగించాల సార్ అన్నాడు. బిగిస్తే గట్టిపడుతుంది, మిరప బస్తాకి నడుము లేదు, మా ఆవిడకుంది అని నేను స్ప్రింగుల పాఠం అందుకున్నాను. భాయ్ అంతా విని, మీరు చదువుకున్నోళ్ళు సార్ అన్నాడు. పల్నాడులో ఈ మాట తిట్టు కిందే లెక్క. నేను మర్యాద అనుకుని తీసుకున్నాను. ఆయన స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు వేసి ఉంగరాన్ని ఒకటో మెట్టుకి దించాడు.

ఇక పరీక్ష చేయాలి. వెనక ఎక్కాల్సిన మనిషి ఎక్కనంది. బరువెంత అని అడిగి, అంతకు అంత ఇసక కట్టుకోవచ్చు. కానీ మూడు రోజులు చాప మీద పడుకుని లేచిన ఆడమనిషిని పట్టుకుని నీ బరువెంత అని అడిగే ధైర్యం నాకు లేదు. అడగాల్సిన అవసరం కూడా నాకు తోచలేదు. నాకు తెలుసు. యాభై. రెండు పాతిక కేజీల బియ్యం బస్తాలు వెనక సీటు మీద వేసి, చీరంచులతో కట్టి, కోటప్పకొండ దారి పట్టాను. దారిలో తెలిసినవాళ్ళు కనపడిన ప్రతిచోటా, కొండ మీద అన్నదానమా మాస్టారూ అని అడిగారు. బస్తాలు జారతాయని నెమ్మదిగా తోలాను. ఒక్క గుంటలోనూ బియ్యం అబ్బా అనలేదు. బండి ఉయ్యాల ఊగినట్టు ఊగింది. నా అంతటివాణ్ణి నేనే అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఆవిణ్ణి ఒప్పించడానికి వారం పట్టింది. బాగుచేయించాను, పరీక్షించి చూశాను, పరుపులా ఉంది అని పూటకోసారి చెప్పాను. చివరికి, కొండ దాకానే, అంతకన్నా దూరం అడగమాక అని ఎక్కింది. ఊరు దాటగానే మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఏమిటో ఆ స్పీడ్ బ్రేకర్ మీద తెలిసింది. మాచర్ల దారిలో గుంటలకు తన్నిన బండి, ఇప్పుడు చిన్న గట్టుకే అడుగు దాకా కూలబడి తన్నింది. ఆవిడ నా వీపు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. ఆపాను.

పక్కన మిరప చేను ఉంది. గట్టు మీద నిలబడి, నడుము నొక్కుకుంటూ, ఊపిరి సర్దుకుని అడిగింది.

"దేంతో చూశావు బాగుందని?"

"బియ్యంతో."

"ఎన్ని బస్తాలు?"

"రెండు."

"ఏ బస్తాలు, పాతికవా?"

అవునన్నాను. ఆవిడ యాభై అని పెదాల మీదే అనుకుంది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియని మొహంతో నా వైపు చూసింది.

"నేను యాభై ఉన్నది మన పెళ్ళప్పుడు బావా. నా పెళ్ళి జాకెట్టును ఆది తీసుకున్నావు నువ్వు."

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు మా మామ వాళ్ళింట్లో పత్తి తూచే కాటా మీద అందరం సరదాకి ఎక్కాం. ఆవిడ ఎక్కితే యాభై చూపించింది. ఆ అంకె నా బుర్రలో అప్పుడు పడింది, మళ్ళీ దాన్ని ఎవరూ కదిలించలేదు. ఇద్దరు పిల్లల్ని కని, ఇరవై ఏళ్ళు మిషన్ ముందు కూర్చున్న మనిషి నా కళ్ళ ముందే తిరుగుతోంది. నేను మాత్రం అప్పటి మనిషినే వెనక ఎక్కించుకుని తోలుతున్నాను. ముద్దుగా ఉందని ఎవరైనా అనుకోవచ్చు. దాని వల్ల నడుము విరిగింది ఆవిడకి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ అటుగా వస్తున్న ఆటో ఆపి ఎక్కేసింది. మళ్ళీ నేను వెనక. ఈసారి జామకాయ కూడా లేదు.

బండి కథ అంతటితో అయిపోయిందనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న టిఫిన్ అయ్యాక ఆవిడ టేపు మెడలో వేసుకుని, గుడ్డ మీద గీతలు గీసే సుద్ద ముక్క కొంగున ముడేసుకుని, ఆ భాయ్ కొట్టు ఎక్కడ, పద అంది. నా మీద జాలితో కాదు. పక్కనోళ్ళు చెడగొట్టిన జాకెట్టు కంటపడినా ఆవిడ చేతులు ఊరుకోవు. కొలవకుండా చేసిన పని తన ఇంట్లోనే జరిగిందన్నది ఆవిడకు రాత్రంతా మింగుడు పడలేదట. ఆవిడ నడిచింది, నేను బండి తోలుకుంటూ పక్కనే వెళ్ళాను. వీధి వీధంతా గుమ్మాల్లో ఉంది.

భాయ్ ఆవిణ్ణి చూడగానే అక్కా అంటూ లేచి స్టూలు తుడిచాడు. వాళ్ళింట్లో జాకెట్లన్నీ ఆవిడే కుడుతుంది. నన్ను చదువుకున్నోణ్ణి చేసిన మనిషి ఆవిడ ముందు స్కూలు పిల్లాడైపోయాడు. షెడ్డు పక్కనే పాత ఇనప సామాన్ల కొట్టు, దాని ముందు పెద్ద కాటా. ఆవిడ చెప్పులు విప్పి, ఎవరూ అడక్కుండానే కాటా ఎక్కింది. డెబ్బై నాలుగు. భాయ్ గొంతు తగ్గించి చెప్పబోతే, గట్టిగా చెప్పు భాయ్, మా బావకు వినపడాల అంది. తర్వాత నన్ను ఎక్కమంది. నేను అరవై ఎనిమిదని చెప్పి, దానికోసం ఎక్కడం ఎందుకన్నాను. ఆవిడ కదల్లేదు. ఎక్కాను. ఎనభై ఆరు.

"నీ ఆదీ పాతదే," అంది. ఇనప కొట్టులో పాత సైకిళ్ళు విడగొడుతున్న ఇద్దరూ పని ఆపి మరీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ముందు రోజు నుంచి గుండెల మీదున్న బరువు కాస్త దిగింది, ఆ ఎనభై ఆరులో అది కలిసిందో లేదో తెలియదు.

తర్వాత కొలతలు. ఆవిడ సీటు కింద రేకు మీద సుద్దతో ఒక గీత గీసింది. బండిని స్టాండు మీద లేపి వెనక చక్రాన్ని గాలిలో వేలాడదీసి, ఇరుసు మధ్య నుంచి ఆ గీత దాకా టేపు పెట్టి కొలిపించింది. పెట్టెల్లో ఊరికి తీసుకెళ్ళే సామానంత ఇనుము వేయించింది. ఆ తర్వాత స్టాండు దించి మేమిద్దరం ఎక్కి కూర్చున్నాం. భాయ్ మోకాళ్ళ మీద కూర్చుని టేపు చదివాడు. మూడున్నర అంగుళాలు దిగింది. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తీశాను. చక్రం ఆడే దూరంలో మూడో వంతు దిగితే సరిపోతుందని ఉంది. మా బండికి అది రెండున్నర లోపు. అంటే మేము ఊరికే కూర్చుంటేనే స్ప్రింగు సగానికి చచ్చిపోయింది. ఇక గుంట వస్తే దిగడానికి చోటేది? అడుగుకెళ్ళి తన్నక ఏం చేస్తుంది?

ఇంత కొలిచాక కూడా నా మూర్ఖత్వం పోలేదు. ఇంకా బిగిస్తే గట్టిపడుతుంది, నీ నడుము మళ్ళీ పోతుంది అని అడ్డం పడ్డాను. ఆవిడ బండి దిగి, తన చంక దగ్గర జాకెట్టు కుట్టు మీద వేలు పెట్టి చూపించింది.

"అందరూ ఇక్కడ వదులు పెట్టమంటారు బావా, చెయ్యి బాగా ఆడుద్దని. వదులు పెడితే చెయ్యెత్తినప్పుడు జాకెట్టంతా పైకి లేస్తది. చంకలోకి దగ్గరగా ఉంటేనే చెయ్యి ఆడుద్ది. వదులంటే సుఖం కాదు."

భాయ్ తలూపాడు. అప్పటికి నాకు వెలిగింది. ఉంగరం తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. ఏ స్ప్రింగు లొంగుబాటు దానిదే, దాని గుణం మారదు. తిప్పితే బండి పైకి లేచి, దిగడానికి చోటు మిగులుతుంది, అంతే. ఇది నా పాఠంలోనే ఉంది. ఏటా బోర్డు మీద రాస్తాను. పాతికేళ్ళు బోర్డు మీద రాసిన సంగతిని చంక కుట్టు చూపించి నాకు ఆవిడ ఒక్క నిమిషంలో చెప్పింది.

భాయ్ ఎక్కడి నుంచో సరైన పానా అడిగి తెచ్చాడు. మెట్టు మెట్టుకీ మేము ఎక్కడం, ఆయన కొలవడం, దిగడం. నాలుగోసారి ఎక్కేసరికి నా మోకాళ్ళకు ప్రీలోడ్ కావాల్సి వచ్చింది. ఆరో మెట్టు దగ్గర రెండున్నరకు ఒక గీత తక్కువ వచ్చింది. భాయ్ అలవాటు కొద్దీ ఇంకొక్కటి కూడా ఎక్కించేస్తా అక్కా, ఫుల్లుగా ఉంటది అన్నాడు. వద్దంది. నీది బస్తాల కొలత భాయ్, ఇది మా ఇద్దరిది అంది. ఇంటికొచ్చాక సీటు తీసి, లోపలి రేకు మీద సుద్దతో డెబ్బై నాలుగు, ఎనభై ఆరు, ఆరో మెట్టు అని రాసింది. ఆర్నెల్లకోసారి మళ్ళీ కొలవాలంది. నేను తగ్గుతానేమో అన్నాను. ఆవిడ సీటు తిరిగి బిగించింది.

వచ్చే ఆదివారం మాచర్ల పోదామని తనే అంది. ఒక షరతు. "గురజాల దాకా చూస్తా. అక్కడ బస్టాండు ఉంది," అంది.

బయల్దేరాక చాలాసేపు వెనక నుంచి మాట లేదు. చెవులు రెండూ వెనక్కే ఉన్నాయి. మొదటి గుంట వచ్చింది. బండి దిగి, ఊపిరి తీసుకున్నట్టు లేచింది. తన్నలేదు. వెనక నుంచి అబ్బా కూడా రాలేదు. రెండోది, మూడోది. పిడుగురాళ్ళ దాటాక వెనక నుంచి చిన్నగా, మా అక్క జాకెట్టు సంగతి ఆ రోజు ఎంతవరకు చెప్పా అని వినపడింది. మొదటి నుంచి చెప్పమన్నాను.

గురజాల వచ్చింది. బస్టాండు దగ్గర నెమ్మది చేశాను. మాచర్ల బస్సు ఆగి ఉంది, కిటికీ పక్క సీటు కూడా ఖాళీగా కనపడింది. కాలు బ్రేకు మీదే ఉంచాను. ఆవిడ నా భుజం మీద తట్టి, "ఆపమాక బావా, అసలు సంగతి ఇప్పుడొస్తది," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హెల్మెట్ పెట్టుకోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉందని అప్పుడే తెలిసింది.

ఊరు దాటగానే పెద్ద గుంట. పక్కన సిమెంటు లారీ, తప్పించే వీల్లేదు. దిగాం, లేచాం. అక్షింతలు వేద్దామని వాళ్ళక్క చెయ్యెత్తిందట, ఎత్తగానే చంక దగ్గర జాకెట్టు పర్రుమని చిరిగితే పెళ్ళికొడుకు కూడా తల తిప్పి చూశాడట. ఆ మాటను ఆవిడ గుంటకు ఇవతల మొదలుపెట్టి, ఎక్కడా తెగకుండా, అవతలకెళ్ళి పూర్తి చేసింది.